డబ్బా మీద ‘ఎలుకల్లో పరీక్షించాం’ అని ఉంటే సరిపోతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించి ఉన్నాయి. మూలికలు, భస్మాలు (లోహాలను, ఖనిజాలను కాల్చి చేసే పొడులు) కలిపి చేసే మాత్రలు, వాటిని జంతువుల మీద పరీక్షించడం. నేను పశువైద్యం చదివి, పాథాలజీలో పీజీ చేసి, హైదరాబాద్‌లో ఒక పరీక్షాశాలలో ఇరవై ఆరేళ్లు ఎలుకల కిడ్నీలు, లివర్ల స్లైడ్లు చూశాను. మా నాన్నగారు ఊళ్లో వైద్యం చేసేవారు, భస్మాలు స్వయంగా పుటం పెట్టేవారు, అంటే పిడకల మంటలో కాల్చేవారు. రెండు వైపులా నాకు తెలిసిన సంగతి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మకు అరవై రెండేళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకని తెలిసినవాళ్లు చెబితే ఎనిమిది నెలలుగా ఒక మాత్ర వాడుతోంది. ఒక్కోటి 250 మిల్లీగ్రాములు, పొద్దున రెండు, రాత్రి రెండు. డబ్బా మీద గుగ్గులు, శిలాజిత్తు, లోహ భస్మం, అభ్రక భస్మం, రససింధూరం అని ఉంది. లోపలి కాగితంలో ‘ఎలుకల్లో కిలోకు 2000 మిల్లీగ్రాముల మోతాదులోనూ సురక్షితం’ అని రాశారు. అంత మోతాదుకే ఎలుకకు ఏమీ కాకపోతే అమ్మకేమవుతుంది అంటాడు అన్నయ్య. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదవండి. అమ్మగారికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. షుగర్ చూసే డాక్టరు గారి దగ్గరికి రిపోర్టులతో పాటు ఆ డబ్బా కూడా పట్టుకెళ్లండి. ఆయన చూసేదాకా ఆ మాత్ర ఆపించండి. షుగర్, బీపీ మందులు మాత్రం ఆపకూడదు.

ఇప్పుడు ఆ 2000 సంగతి. దాన్ని అక్యూట్ టాక్సిసిటీ పరీక్ష అంటారు. ఎక్కువగా ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ వారి 423వ నంబరు మార్గదర్శకం ప్రకారం చేస్తారు. మూడు ఎలుకలు, మామూలుగా ఆడవి. రాత్రి మేత తీసేసి, పొద్దున ఒకే ఒక్కసారి మందు పట్టిస్తాం. పద్నాలుగు రోజులు చూస్తాం. చావు లేకపోతే ఇంకో మూడింటితో మళ్లీ చేస్తాం. ఒక్కసారి ఎక్కువగా మింగితే ప్రాణం పోతుందా అన్నదే ఈ పరీక్ష అడిగే ప్రశ్న. మీ అమ్మగారు ఎనిమిది నెలల్లో దాదాపు 960 మాత్రలు వేసుకున్నారు. ఆవిడ గురించి అడగాల్సింది అది కాదు. రోజూ కొంచెం కొంచెంగా నెలల తరబడి లోపలికి వెళ్తే ఏమవుతుందని అడగాలి. లోహాల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కాడ్మియం కిడ్నీలో పేరుకుంటుంది. పాదరసపు లవణాలు ముందు దెబ్బతీసేది కూడా కిడ్నీనే.

ఆ ప్రశ్నకు వేరే పరీక్షలున్నాయి. 28 రోజులది ఒకటి, 407వ నంబరు. గ్రూపుకు ఐదు మగ, ఐదు ఆడ ఎలుకలు. మందు లేని గ్రూపు ఒకటి, మూడు మోతాదులకు మూడు గ్రూపులు, మొత్తం నలభై. 90 రోజులదైతే 408, ఎనభై ఎలుకలు. నెలల తరబడి వాడే మందుకు నేను అడిగేది ఈ రెండోదాన్నే. మీ కాగితంలో 28 గానీ 90 గానీ కనబడకపోతే, ఆ పరీక్షలు చేశారో లేదో మీకు చెప్పలేదనే అర్థం.

మోతాదు లెక్క కూడా చూడాలి. అమ్మగారి బరువు అరవై కిలోలనుకుందాం. రోజుకు ఒక గ్రాము మందు. అంటే కిలోకు సుమారు 17 మిల్లీగ్రాములు. ఇదే అంకెను ఎలుకకు వాడితే తప్పు. చిన్న జంతువు ఒంట్లో మందు త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కగడతాం. మనిషి మోతాదును సుమారు ఆరుతో గుణించాలి. అప్పుడు కిలోకు దాదాపు 100 మిల్లీగ్రాములు, 200 గ్రాముల ఎలుకకు 20 మిల్లీగ్రాములు. ఇది అమ్మగారి మోతాదుతో సమానం. దీనికి ఐదు రెట్లు, పది రెట్లు కూడా ఇచ్చి చూస్తేనే హాని చేసే మోతాదుకూ అమ్మగారి మోతాదుకూ మధ్య ఎంత జాగా ఉందో తెలుస్తుంది. కిలోకు 17 చొప్పున ఇచ్చి ‘మనిషి మోతాదులో పరీక్షించాం’ అని రాసిన కాగితాలు నా చేతికి వచ్చాయి. అది మనిషి మోతాదులో ఆరో వంతు.

భస్మంతో ఇంకో చిక్కు ఉంది. అది నీళ్లలో కరగదు, బరువుగా ఉంటుంది. సీఎంసీ అనే జిగురు ద్రావణంలో కలిపి, మొన గోళీలా గుండ్రంగా ఉండే సూదితో నేరుగా ఎలుక కడుపులోకి పంపుతాం. కలిపిన సీసాను కదపకుండా రెండు నిమిషాలు ఉంచితే మందంతా అడుక్కి చేరుతుంది. అలా ఇస్తే మొదటి ఎలుకకు వట్టి జిగురు, చివరి ఎలుకకు ముద్ద వెళ్తాయి. నేను చేరిన కొత్తలో ఒక 28 రోజుల పరీక్ష మధ్యలో ఇది గమనించి మొదటినుంచీ మళ్లీ చేయాల్సి వచ్చింది. నలభై ప్రాణాలు వృథాగా పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తర్వాత నుంచి ప్రతి ఎలుకకూ ముందు సీసా కదిపించడం నేనే దగ్గరుండి చూసేదాన్ని.

ఎలుకకు జబ్బు చేసిందని యంత్రాల కంటే ముందు మా అటెండరు అన్నకు తెలిసేది. ‘మేడం, ఆ వరస పంజరాల్లో పరిచిన వరిపొట్టు త్వరగా తడుస్తోంది, నీళ్ల సీసా కూడా త్వరగా ఖాళీ అవుతోంది’ అనేవాడు. కిడ్నీ దెబ్బతింటే మూత్రం పెరగవచ్చు. క్రియాటినిన్ మాత్రం కిడ్నీ పనితనం సగం దాకా పోతే గానీ గట్టిగా పెరగదు. అందుకే రక్తం రిపోర్టు బాగుందని పరీక్ష ముగించకూడదు, కిడ్నీని కోసి స్లైడు చూడాలి. మంచి కిడ్నీలో గొట్టాల కణాలు గులాబీ రంగులో, ఒక్కోదానికీ నీలం చుక్కలాంటి కేంద్రకంతో వరసగా కనిపిస్తాయి. పాదరసపు లవణం తిన్న కిడ్నీలో ఆ నీలం చుక్కలు మాయమవుతాయి. గొట్టం నిండా చచ్చిన కణాల గులాబీ ముద్ద ఉంటుంది. ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

రససింధూరం పేరు వినగానే విషం అనడం కూడా సరికాదు. అది పాదరసం, గంధకం కలిసిన సమ్మేళనం. నీళ్లలో దాదాపు కరగదు, పేగుల్లోంచి చాలా తక్కువ రక్తంలోకి వెళ్తుంది. చేపల్లో చేరే మిథైల్ మెర్క్యురీ లాంటిది కాదు. ఆయుర్వేద వైద్యులు ఈ మాట అంటే వాళ్లది నిజమే. అయితే ఆ నిజం సరిగ్గా తయారైన మందుకే వర్తిస్తుంది. కలవకుండా మిగిలిపోయిన పాదరసం ఉంటే కథ మారిపోతుంది.

మా నాన్నగారు మండూరాన్ని, అంటే పాత ఇనుప చిట్టాన్ని, ఎర్రగా కాల్చి గోమూత్రంలో ముంచడం చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూశాను. ఏడుసార్లు. ఆ వాసన రెండు రోజులు ఇంట్లోంచి పోయేది కాదు. తర్వాత పిడకల గుంటలో పుటం. చల్లారాక చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దేవారు. వేలి గీతల్లోకి దిగాలి. నీళ్ల మీద చల్లితే తేలాలి. అభ్రకమైతే ఎండలో పట్టుకుని చూస్తే మెరుపు కనిపించకూడదు. ఒక్కటి కుదరకపోయినా మళ్లీ పుటం పెట్టేవారు, రోగి వచ్చి కూర్చున్నా ఇచ్చేవారు కాదు. ఆ పరీక్షలు తయారీ సరిగ్గా జరిగిందో లేదో చెబుతాయి. ఒంట్లోకి వెళ్లాక కిడ్నీకి ఏమవుతుందో చెప్పవు. ఎలుక పరీక్ష చెప్పేది ఆ రెండోదాన్ని. అదీ ఆ బ్యాచ్ గురించి, ఆ తయారీ పద్ధతి గురించి మాత్రమే. పదేళ్ల కింద ఒకరు చేసిన రససింధూరం మీద వచ్చిన ఫలితం ఇవాళ ఇంకొకరు చేసినదానికి పూచీ పడదు.

మీ అన్నయ్యకు ఇంకొక్క మాట చెప్పండి. 28, 90 రోజుల పరీక్షలకు మేం తీసుకునే ఎలుకలకు తొమ్మిది వారాలు కూడా నిండవు. ఆరోగ్యంగా, ఒకే జాతివి, ఒకే మేత తినేవి. వాటికి షుగర్ లేదు, బీపీ లేదు, మెట్‌ఫార్మిన్ వేసుకోవు. పన్నెండేళ్ల షుగర్ చూసిన కిడ్నీ మీద ఈ మందు ఏం చేస్తుందో ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు.

డబ్బా మీద చూడాల్సినవి రెండున్నాయి. పాదరసం, హింగుళం (పాదరసపు ఖనిజం), వత్సనాభి (విషపు దుంప) లాంటివి ఔషధ నిబంధనల్లోని ఈ(1) షెడ్యూలులో ఉన్నాయి. వాటితో చేసిన మందు మీద ‘వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి’ అన్న హెచ్చరిక ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉండాలి. రెండోది లైసెన్సు. ఆయుర్వేద మందు తయారీ లైసెన్సు నంబరు ఉందా, లేక ఆహార పదార్థాలకు ఇచ్చే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉందా చూడండి. 2022లో వచ్చిన ఆయుర్వేద ఆహార నిబంధనల్లో భస్మాలకు, పిష్టిలకు చోటు లేదు. భస్మం వేసి, సప్లిమెంట్ అని పేరు పెట్టి, ఆహారం నంబరుతో అమ్ముతుంటే దాన్ని ఇంట్లో ఉంచకండి.

మోకాళ్ల నొప్పికి భస్మాలు లేని ఆయుర్వేద మందులు చాలా ఉన్నాయి. మంచి వైద్యుడికి అమ్మగారి షుగర్ రిపోర్టులన్నీ చూపించి అడగండి. క్రియాటినిన్ ఎంత వచ్చిందో నాకు రాయండి.

ప్రశ్న: నమస్తే అండీ. నాకిప్పుడు నాలుగో నెల. హిమోగ్లోబిన్ తక్కువుందని మా అత్తయ్య ఊరినుంచి ఒక లేహ్యం పంపారు. రక్తం పడుతుందట. మూలికలతో పాటు భస్మాలు ఉన్నాయి, ఏవో రాయలేదు. జంతువుల్లో 28 రోజులు పరీక్షించిందేనని కొన్నచోట చెప్పారట. వాడొచ్చా? — డల్లాస్

జవాబు: వద్దు తల్లీ. ఇప్పటికే తిన్నారంటే ఇవాళే ఆపి, మీ డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. సీసం తల్లి రక్తంలోంచి బిడ్డకు చేరుతుంది.

28 రోజుల పరీక్షలో గర్భంతో ఉన్న ఎలుకలు ఉండవు. దానికి విడిగా 414వ నంబరు పరీక్ష ఉంది. గ్రూపుకు సుమారు ఇరవై చూలు ఎలుకలు కావాలి. ఈనే ముందురోజు పిల్లలను బయటికి తీసి, అలిజరిన్ అనే ఎర్ర రంగుతో వాటి ఎముకలకు రంగెక్కించి, వేలెడంత కూడా లేని ఆ అస్థిపంజరాల్లో ఒక్కో పక్కటెముకా లెక్కపెడతాం. ఆ పరీక్ష రిపోర్టు చూపించనంత వరకూ గర్భిణికి పనికొస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

మీరున్న దేశంలోనే 2004లో జామా వైద్యపత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14టిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించింది. 2011-12లో న్యూయార్క్ నగరంలో భారత్ నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల్లో సీసపు విషప్రభావం బయటపడింది. అత్తయ్యగారు ప్రేమతోనే పంపారు. ఆవిడ మనసు నొచ్చుకుంటుందని వాడకండి. ఫోన్ చేసి ఇక్కడి డాక్టరు ఐరన్ మాత్రలు ఇచ్చారని చెప్పండి, అవి వేసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను బీఫార్మసీ మూడో సంవత్సరం. మొన్న మొదటిసారి ఎలుకను చేత్తో పట్టుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వందల ఏళ్లుగా జనం వాడుతున్న మందుకు ఇంకా ఎలుకలను చంపి చూడాలా? — గుంటూరు

జవాబు: బాబూ, నిద్ర పట్టకపోవడం నీలో ఉన్న మంచి గుణం. దాన్ని పోగొట్టుకోకు. నాకు ఉద్యోగంలో ఇరవై ఆరో ఏట కూడా, పరీక్ష ముగించి ఎలుకలను కోసే చివరి రోజు ముందు రాత్రి సరిగ్గా నిద్ర ఉండేది కాదు.

వందల ఏళ్ల వాడకాన్ని నేను చిన్నచూపు చూడను. తిన్న గంటకే వాంతులైతే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది, ఆ మందు నిలవదు. కానీ ఐదేళ్ల తర్వాత మెల్లగా కిడ్నీ పోతే, దానికీ ఎప్పుడో తిన్న మాత్రకూ ముడిపెట్టేవాళ్లు ఎవరు? వయసైపోయింది అంటారు. అలాంటి నెమ్మది హాని తరతరాల అనుభవానికి అందదు. అందుకే స్లైడు చూడాల్సి వస్తోంది.

ఎన్ని జంతువులు అన్నది మాత్రం ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న. 1927లో ట్రెవాన్ అనే శాస్త్రవేత్త ఎల్‌డీ50 పద్ధతి తెచ్చాడు. సగం జంతువులు చచ్చే మోతాదు కనుక్కోవడం దాని పని. ఒక్క మందుకు పదుల కొద్దీ ఎలుకలు పోయేవి. ఓఈసీడీ 2002లో ఆ పాత పరీక్షను తీసేసింది. ఇప్పుడు మూడేసి ఎలుకలతో సరిపెడుతున్నాం. వీలైతే జంతువు లేకుండా, లేకపోతే తక్కువ జంతువులతో, తక్కువ బాధతో అన్న మూడు సూత్రాలు రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే రాశారు. మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1998 నిబంధనలు ఉన్నాయి. ప్రతి సంస్థలోనూ జంతు నైతిక కమిటీ అనుమతి ఇవ్వాలి. అందులో శాస్త్రవేత్త కాని సామాజిక సభ్యులు ఒకరు తప్పకుండా ఉండాలి. మా కమిటీలో రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. ఒక భస్మానికి నేరుగా 90 రోజుల పరీక్ష కోరితే, ‘నలభైతో ముందు చూడకుండా ఎనభై ఎందుకమ్మా?’ అన్నారు. మాలో ఎవరికీ జవాబు లేదు. 28 రోజులది ముందు చేశాం.

నీ చేతిలో ఉన్నది నువ్వు చెయ్యి. మందు మొదలుపెట్టే ముందు ఎలుకలకు కొత్తచోటు అలవాటయ్యేందుకు కనీసం ఐదు రోజులు ఇస్తారు కదా. ఆ ఐదు రోజులూ రోజూ వాటిని చేతిలోకి తీసుకో. తోక పట్టుకుని లాగకు, భుజాల చుట్టూ మెత్తగా పట్టుకో. మూడో రోజుకల్లా అరవడం మానేస్తాయి. సూది శ్వాసనాళంలోకి పోతే ఎలుక చచ్చిపోతుంది, ఆ చావు మందు లెక్కలోకి వెళ్తుంది. కాబట్టి చెయ్యి కుదిరేదాకా సీనియర్ పక్కన లేకుండా సూది పట్టుకోకు.

ప్రశ్న: అమ్మగారూ, మాది మూడు తరాల వైద్య కుటుంబం. తాతగారి యోగం (మందు కూర్పు) ఒకటుంది, త్రిఫల, గుగ్గులు, కజ్జలి, తామ్ర భస్మంతో. లైసెన్సు తీసుకుని మా పేరు మీద మార్కెట్లోకి తేవాలని ఉంది. జంతు పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి? — ప్రొద్దుటూరు

జవాబు: అయ్యా, మీరు అడిగి మంచి పని చేశారు. మీది శాస్త్ర గ్రంథాల్లో ఉన్నది ఉన్నట్టుగా చేసే మందు కాదు, సొంత యోగం. కజ్జలి అంటే పాదరసం, గంధకం కలిపి నూరినది కాబట్టి అందులో పాదరసం ఉంది. ఔషధ నిబంధనల్లోని 158బి ప్రకారం ఇలాంటి మందుకు సేఫ్టీ స్టడీ కావాలి.

కానీ ఎలుకల దగ్గర మొదలుపెట్టకండి, రసాయన పరీక్ష దగ్గర మొదలుపెట్టండి. కజ్జలిలో కలవని పాదరసం మిగిలిందా అన్నది రసాయన పరీక్షలో, రాగి పూర్తిగా భస్మమైందా అన్నది ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో తెలుస్తుంది. మీరు వేయని సీసం, ఆర్సెనిక్ ఎక్కడినుంచైనా వచ్చాయా అన్నది లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ఐసీపీ-ఎంఎస్‌లో తెలుస్తుంది. మూలికలు పండిన నేల నుంచీ, నూరిన కల్వం నుంచీ కూడా వస్తాయి. పూర్తిగా మూలికలతో చేసిన మందులు ఎగుమతి చేయాలంటే 2006 జనవరి 1 నుంచి ఈ లోహ పరీక్ష తప్పనిసరి. సీసం పది లక్షల భాగాల్లో 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. మీ మందులో పాదరసం మీరే వేశారు కాబట్టి ఆ ఒక్క హద్దు మీకు కుదరదు, మిగతా మూడూ కొలతగా పెట్టుకోండి. మూడు బ్యాచ్‌లు చేసి మూడూ ఒకేలా వచ్చాకే ఎలుకల గురించి మాట్లాడండి. రసాయన పరీక్షలోనే తప్పిన మందును ఎలుకకు పట్టించడం పాపం.

పరీక్షాశాలకు జంతు ప్రయోగాల రిజిస్ట్రేషన్, జీఎల్‌పీ (పరీక్షాశాల పద్ధతులు సరిగ్గా ఉన్నాయన్న) సర్టిఫికెట్ రెండూ ఉండాలి. మీ రోగులు తేనెతో తింటుంటే ఎలుకలకూ తేనెతోనే ఇవ్వమని అడగండి. కిడ్నీ, లివర్, మెదడులో పాదరసం, రాగి ఎంత చేరాయో కొలవమనండి. మందు ఆపాక రెండు వారాలు ఉంచి చూసే గ్రూపు కూడా పెట్టించండి. చేరింది తగ్గుతుందో లేదో దానివల్లే తెలుస్తుంది.

ఒక తయారీదారు నాకు మందును మూడు పాలిథిన్ కవర్లలో పంపారు. బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. అడిగితే మా మీద నమ్మకం లేదా అన్నారు. సరే, నంబరు రాయించుకుని పరీక్ష చేశాం. పై మోతాదు గ్రూపులో మగ ఎలుకల బరువు పెరగలేదు, కిడ్నీ గొట్టాల్లో మార్పులున్నాయి. ఆ గ్రూపు తీసేసి రిపోర్టు రాయమన్నారు. రాయలేదు. ఎన్నో నెలలు డబ్బు కట్టలేదు. కింది రెండు మోతాదుల్లో ఏ దోషమూ లేదు. అదే ఆ మందుకు మంచి మాట. ఎంతవరకు ఇవ్వొచ్చో, ఎక్కడ ఆగాలో ఆ రిపోర్టు చెప్పింది. దాన్ని దాచి ఉంటే వైద్యుడికి ఆ హద్దు తెలిసేది కాదు. మీ రిపోర్టులో చెడు కనిపిస్తే దాన్ని కూడా అచ్చు వేయించండి.

శాంపిల్ తీసిన రోజే మూడు భాగాలు చేసి సీలు వేయండి. ఒకటి పరీక్షాశాలకు, ఒకటి లైసెన్సు ఫైలుతో పాటు, ఒకటి మీ దగ్గర. పుటం ఎన్నిసార్లు పెట్టారో, పిడకలు ఎన్ని, ఏ రోజున చేశారో పుస్తకంలో రాసి సంతకం చేయండి. తాతగారి చేతిరాతలో యోగం ఉంటే దాని ఫొటోకాపీ కూడా ఆ పుస్తకంలోనే అంటించండి.